కప్పు సంగతి తర్వాత... ముందు ఇంట్లో ఒప్పుకోవాలి!

పిల్లల ఆటల సినిమాలు చెప్పే అసలు కథ ఇదే... అశోక్ చౌక్ అమ్మానాన్నలూ ఓసారి చూడాలి

అశోక్ చౌక్ (సోలాపూర్): ఆఖరి బంతి... కావాల్సింది ఆరు పరుగులు. బ్యాటు పట్టుకున్న కుర్రాడి నుదుటి మీద చెమట. బంతి గాల్లోకి లేస్తుంది. టీవీ ముందు కూర్చున్న పిల్లలూ లేస్తారు. పిల్లల ఆటల మీద తీసిన సినిమా ఏ భాషలోదైనా ముగింపు దాదాపు ఇట్లాగే ఉంటుంది. కప్పు చేతికొస్తుంది, బొమ్మ అయిపోతుంది.

అశోక్ చౌక్ చుట్టూ ఉన్న పేటల్లో మాత్రం అసలు మ్యాచ్ అంతకన్నా చాలా ముందే జరుగుతుంది. అది గ్రౌండులో జరగదు, ఇంట్లో జరుగుతుంది. బడి సంచి దించి బయటికి ఉరకబోయే పిల్లాడు ఒక పక్క... ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే తల్లి, కార్ఖానా నుంచి అలసిపోయి వచ్చిన తండ్రి మరో పక్క. ‘‘ఆడుకోను పోతా’’ అని వీడు. ‘‘ఆట అన్నం పెడ్తదా?’’ అని వాళ్లు. చాలా ఇళ్లలో ఈ మ్యాచ్ అయిదు నిమిషాల్లో ముగుస్తుంది. గెలిచేది ఎవరో చెప్పనక్కర్లేదు.

చిత్రమేమిటంటే మంచి ఆటల సినిమాలన్నీ చెప్పేది కూడా ఈ ఇంటి మ్యాచ్ గురించే. 2005 నుంచి 2022 దాకా వచ్చిన అయిదు సినిమాలు తీసుకుంటే ప్రతిదాంట్లోనూ మలుపు కప్పు దగ్గర లేదు. ఎవరో ఒక పెద్దమనిషి ‘‘సరే, పో’’ అనడం దగ్గర ఉంది. పిల్లలు కప్పు చూసి చప్పట్లు కొడతారు. పెద్దలు చూడాల్సింది ఆ ‘సరే’ను!

లెక్క గంటల్లో కాదు... వేలల్లో

తెలంగాణ పల్లెల నుంచి పద్మశాలీలు మగ్గాన్ని నమ్ముకుని సోలాపూర్ దారి పట్టి తరాలు గడిచాయి. 1877లో ఇక్కడ తొలి బట్టల మిల్లు మొదలైంది. జనం నోట అది ‘జునీ మిల్’. పెద్ద మిల్లులు ఒకదాని వెనుక ఒకటి మూతపడ్డాయి గానీ పవర్‌లూమ్‌ల టకటక ఆగలేదు. సోలాపురీ చాదర్, టెర్రీ టవల్ పేర్లు దేశమంతటికీ తెలుసు. ఊరి తూర్పు వైపును ఇక్కడి వాళ్లు ‘పూర్వ భాగ్’ అంటారు. అక్కడ తెలుగు వినపడని గల్లీ అరుదు. నారళీ పున్నమి నాడు మార్కండేయుడి రథం కదిలితే ఊరు మొత్తానికి అది తెలుగోళ్ల పండుగ.

ఇక్కడి బతుకు లెక్క వేరు. బీడీ కూలి వెయ్యి బీడీలకు ఇంత అని. లూమ్ మీద కూలి నేసిన సరుకును బట్టి. నెల జీతం వచ్చే ఇంట్లో పిల్లాడు సాయంత్రం గంటసేపు ఆడుకుంటే ఎవరికీ నష్టం లేదు. ముక్క లెక్కన కూలి వచ్చే ఇంట్లో ఆ గంటకు ఖరీదు ఉంది. కండెలు చుట్టే చెయ్యి తగ్గుతుంది. ఆకు కత్తిరించే చెయ్యి తగ్గుతుంది. ఆడపిల్ల అయితే బోళ్లు, నీళ్లు, చిన్న తమ్ముడు... అన్నీ ఆ గంటలోనే ఉంటాయి. అందుకే ‘‘వద్దు’’ అనే అమ్మానాన్నలు పిల్లలకు పగవాళ్లేం కాదు. వాళ్లు లెక్క చూస్తున్నారు, అంతే.

ఆ లెక్క సినిమాలకు తెలుసా? మంచి సినిమాలకు తెలుసు.

‘ఇక్బాల్’కు చోటిచ్చింది ఆంధ్ర జట్టే

2005 ఆగస్టులో విడుదలైన హిందీ సినిమా ‘ఇక్బాల్’. తీసింది మన హైదరాబాద్‌లో పుట్టిపెరిగిన నగేశ్ కుకునూర్. ఉస్మానియాలో ఇంజినీరింగ్ చదివి, అమెరికా వెళ్లి, తిరిగొచ్చి 1998లో ‘హైదరాబాద్ బ్లూస్’ తీసిన మనిషి. ఇక్బాల్ వేషం కట్టింది మరాఠీ నటుడు శ్రేయస్ తల్పడే. అంటే దర్శకుడు అటువైపు, హీరో ఇటువైపు. సోలాపూర్ వాళ్లకు రెండు వైపులా చుట్టరికమే!

ఇక్బాల్‌కు చెవులు వినపడవు, మాట రాదు. వేగంగా బంతులు వెయ్యడం వచ్చు. బర్రెలకు క్రికెటర్ల పేర్లు పెట్టి వాటినే ఫీల్డర్లుగా నిలబెట్టుకుని ప్రాక్టీసు చేస్తుంటాడు. తండ్రి రైతు, అప్పులున్నాయి. కొడుకు పొలం చూసుకోవాలన్నది ఆయన లెక్క. ఆయన చెడ్డవాడు కాదు, భయపడ్డవాడు. తల్లికి క్రికెట్ అంటే ప్రాణం. ఆమె, చెల్లి కలిసి తండ్రికి తెలియకుండా కుర్రాడికి తోడు నిలుస్తారు. తాగుడులో పడ్డ ఒక పాత క్రికెటర్ గురువు అవుతాడు. ఆ పాత్రకు నసీరుద్దీన్ షాకు జాతీయ అవార్డు వచ్చింది.

తెలుగు వాళ్లు గమనించాల్సిన సంగతి మరొకటి ఉంది. సినిమాలో ఇక్బాల్‌కు రంజీ ఆడే చోటు ఇచ్చింది ఆంధ్ర జట్టు! సొంత ఇలాకాలో తలుపు మూసుకుంటే పక్క రాష్ట్రం తలుపు తీసిందన్నమాట.

‘‘ఇవన్నీ సినిమాల్లోనే’’ అని కొట్టిపారేయడానికి లేదు. సోలాపూర్ జిల్లాలోని మిరే అనే ఊళ్లో పుట్టిన కిరణ్ నవగిరే రైతు ఇంటి పిల్ల. మొదట్లో అథ్లెటిక్స్, తర్వాత క్రికెట్. ఎక్కడో ఈశాన్యాన ఉన్న నాగాలాండ్ జట్టు తరఫున ఆడింది. 2022లో మహిళల టీ20 పోటీల్లో అరుణాచల్ మీద 162 పరుగులు కొట్టి నాటౌట్‌గా నిలిచింది. టీ20 మ్యాచ్‌లో ఒక్కరే 150 దాటడం భారత క్రికెటర్లలో, మగవాళ్లనూ కలుపుకుని, అదే మొదలు. అదే ఏడాది సెప్టెంబరులో భారత జట్టు టోపీ పెట్టుకుంది. ఇక్బాల్ కథ రాసినవాళ్లు ఆమెను ఊహించి ఉండరు.

పాకాల నుంచి ఎవరెస్టుకు

2017 మార్చి 31న ‘పూర్ణ’ వచ్చింది. రాహుల్ బోస్ తీసిన ఈ సినిమా కథ కల్పన కాదు. నిజామాబాద్ జిల్లా పాకాల గిరిజన బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. ప్రపంచంలో అంత చిన్న వయసులో ఆ శిఖరం ఎక్కిన ఆడపిల్ల మరొకరు లేరు. ఆమెతో పాటు ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. తెలంగాణ రాష్ట్రం పుట్టడానికి సరిగ్గా ఎనిమిది రోజుల ముందు జరిగిన ముచ్చట ఇది.

పూర్ణ తల్లిదండ్రులు కూలి పనిచేసుకుని బతికినవాళ్లు. ఆమె తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంది. భువనగిరి బండ మీద ఎక్కడం నేర్చుకుంది, తర్వాత డార్జిలింగ్, లద్దాఖ్‌లలో శిక్షణ. గురుకులాల కార్యదర్శిగా ఉన్న ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్.ప్రవీణ్ కుమార్ ఈ పిల్లలను పంపించే బాధ్యత నెత్తికెత్తుకున్నారు. సినిమాలో ఆ వేషం రాహుల్ బోసే వేశారు. పూర్ణగా కనిపించిన అమ్మాయి అదితి ఇనాందార్.

ఈ సినిమాలో మంచుకొండ కన్నా గుండెను పట్టేది ఇంకొకటి ఉంది. పూర్ణకు వరసకు అక్క అయ్యే ప్రియ. ఇద్దరూ ఒక్కలాంటి పిల్లలే, ఇద్దరివీ ఒక్కలాంటి ఆశలే. ఒకరిని బడికి పంపుతారు. మరొకరికి చిన్న వయసులోనే పెళ్లి చేస్తారు. ఒకరు శిఖరం ఎక్కుతారు. మరొకరు బతికి ఉండరు. ఇద్దరి మధ్య తేడా ప్రతిభలో లేదు. ఇంట్లో తీసుకున్న ఒక్క నిర్ణయంలో ఉంది. పదో తరగతి కాగానే సంబంధాలు చూసే ఏ పేటలోనైనా ఈ సినిమాను ఆడపిల్ల కంటే ముందు ఆమె నాన్న చూడాలి.

నిజం పూర్ణ అక్కడితో ఆగలేదు. 2022లో ఉత్తర అమెరికాలోని డెనాలీ ఎక్కి ఏడు ఖండాల్లో ఎత్తయిన ఏడు శిఖరాల లెక్క పూర్తి చేసింది.

గ్రౌండే లేకపోతే?

ఇల్లు ఒప్పుకుందనే అనుకుందాం. ఆడేది ఎక్కడ? 2011 సంక్రాంతికి వచ్చిన ‘గోల్కొండ హైస్కూల్’ అడిగింది ఆ ప్రశ్నే. ఇంద్రగంటి మోహనకృష్ణ దర్శకుడు, సుమంత్ కోచ్. హైదరాబాద్ తరఫున రంజీ ఆడిన హరిమోహన్ పరువు ఇంగ్లిష్‌లో రాసిన నవల దీనికి ఆధారం. తర్వాత హీరో అయిన సంతోష్ శోభన్ ఇందులో బడిపిల్లాడు.

కథ చిన్నదే. బడి ఆటస్థలంలో కోచింగ్ సెంటర్ కట్టాలని యాజమాన్యంలో కొందరి పట్టు. వద్దని ప్రిన్సిపాల్. జట్టు టోర్నమెంట్ గెలిస్తే గ్రౌండు మిగులుతుంది, ఓడితే పోతుంది. పిల్లలు కప్పు కోసం కాదు, నేల కోసం ఆడతారు.

పేటల్లో ఉండే వాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఇల్లు, దాన్ని ఆనుకుని నాలుగు లూమ్‌లు, మిగిలిన సందులో మోటార్‌సైకిళ్లు. ఆ మిగిలిన దాని మిగులులో పిల్లల క్రికెట్! బంతి పక్కింటి కార్ఖానా రేకుల మీద పడిందా... ఆట బందు.

కాలం కొంత మారుతోంది. బీడీ, చేనేత, అసంఘటిత కార్మికుల కోసం కుంభారి దగ్గర కట్టిన రే నగర్‌లో 15,000 ఇళ్లను ప్రధాని 2024 జనవరి 19న లబ్ధిదారులకు అందజేశారు. అంతకు ఏళ్ల ముందే అదే కుంభారి వైపు బీడీ కార్మికుల కాలనీ వెలిసింది. కొత్త ఇంటికి పోయే ప్రతి కుటుంబమూ నల్లా, కరెంటు, బస్సు గురించి అడుగుతుంది. ‘‘పిల్లలు ఆడుకునే జాగా ఏది?’’ అనే ప్రశ్న కూడా అదే కాగితంలో ఉండాలి. గోడలు లేచాక అడిగితే లాభం ఉండదు.

జేవూరు దర్శకుడి ‘ఝుండ్’

సోలాపూర్ జిల్లా కరమాళా తాలూకా జేవూరు నుంచి వెళ్లిన నాగరాజ్ మంజులే పేరు తెలియని వాళ్లు ఇక్కడ ఉండరు. ‘ఫండ్రీ’, ‘సైరాట్’ తీసిన దర్శకుడు. 2016లో వచ్చిన ‘సైరాట్’ మొదలయ్యేదే ఊళ్లో జరిగే క్రికెట్ పోటీతో, దానికి తోడు పగలబడి నవ్వించే కామెంట్రీతో. ఆయన 2022 మార్చి 4న అమితాబ్ బచ్చన్‌తో ‘ఝుండ్’ విడుదల చేశారు.

దీనికి మూలం నాగపూర్ హిస్లాప్ కాలేజీలో ఆటల మాస్టారుగా పనిచేసిన విజయ్ బార్సే. వానలో మురికివాడ పిల్లలు పగిలిన బకెట్‌ను బంతిలా తన్నుతుంటే చూసి వాళ్ల చేతికి ఫుట్‌బాల్ ఇచ్చిన మనిషి. 2001లో ఆయన మొదలుపెట్టిన ‘స్లమ్ సాకర్’ పిల్లలను అంతర్జాతీయ పోటీల దాకా తీసుకెళ్లింది. 2014 అక్టోబరులో టీవీలో వచ్చిన ‘సత్యమేవ జయతే’ మూడో భాగం తొలి ఎపిసోడ్ కూడా ఆటలు పిల్లల బతుకును ఎట్లా మారుస్తాయన్న దాని మీదే.

‘ఝుండ్’లో పెద్ద మ్యాచ్ గెలవడం సినిమా మధ్యలోనే అయిపోతుంది. మిగతా సగం పోరాటం గోల్ పోస్టు దగ్గర కాదు... ఆఫీసుల దగ్గర. పాస్‌పోర్టుకు కావాల్సిన కాగితాలు లేవు. పుట్టిన తేదీ రుజువు లేదు. ఒకడి మీద పోలీసు కేసుల మరక. ఆట వచ్చు గానీ కాగితం లేదు! వలస వచ్చిన ఇళ్లకు, అద్దె ఇళ్లు మారే కుటుంబాలకు ఈ బాధ కొత్తది కాదు. బంతి ముందు పిల్లలందరూ సమానమే, కౌంటర్ ముందు కాదు.

తాడాట ఆడిన బాక్సర్ కొడుకు

ఇప్పటిదాకా చెప్పినవి థియేటర్ సినిమాలు, తర్వాత టీవీలోకి వచ్చినవి. అమెరికాలో డిస్నీ చానల్ ఇట్లాంటి కథలను టీవీ కోసమే సినిమాలుగా తీసింది. వాటిలో 2007 జనవరిలో వచ్చిన ‘జంప్ ఇన్’ ఒకటి. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒక కుర్రాడు, పేరు ఇజ్జీ. తండ్రి బాక్సింగ్ నేర్పుతాడు, కొడుకు బాక్సింగ్ చాంపియన్ కావాలన్నది ఆయన కోరిక. పిల్లాడికేమో రెండు తాళ్లు ఒకేసారి తిప్పుతుంటే మధ్యలో ఎగిరే ఆట మీద మనసు పడుతుంది. అది ఆడపిల్లల ఆటని తోటివాళ్ల ఎగతాళి. తండ్రికి తలవంపు. ఇజ్జీగా కార్బిన్ బ్లూ నటించాడు. సినిమాలో తండ్రిగా వేసింది అతని సొంత తండ్రి డేవిడ్ రీవర్స్.

ఇక్కడ కథ తిరగబడింది. ఇంట్లో ఆట వద్దనలేదు, ‘‘నేను చెప్పిన ఆటే ఆడు’’ అన్నారు. చదువుల్లో ‘‘ఇంజినీరే కావాలి’’ అన్నట్టే ఇది కూడా. క్రికెట్‌కు అయితే అప్పు చేసి కిట్టు కొనిచ్చే తండ్రి, కూతురు ఖోఖో ఆడతానంటే ‘‘దాంట్లో ఏముంది’’ అనడం అటువంటిదే.

యోధులు తెలుగు... నాయకుడు మరాఠీ

నిజానికి ఖోఖోలో ఏముందో మహారాష్ట్రలో పుట్టి పెరిగిన వాళ్లను అడగాలి. రెండు స్తంభాలు, చదునైన నేల చాలు. బ్యాటు అక్కర్లేదు, ప్యాడ్లు అక్కర్లేదు. 2022లో పుణెలో అల్టిమేట్ ఖోఖో లీగ్ మొదటిసారి జరిగి టీవీల్లో వచ్చింది. అందులో ‘తెలుగు యోధాస్’ జట్టు ఫైనల్ దాకా వెళ్లి, ఒడిశా జట్టు చేతిలో 46-45తో... ఒకే ఒక్క పాయింటు తేడాతో ఓడింది. ఆ తెలుగు జట్టు కెప్టెన్ మహారాష్ట్ర ఆటగాడు ప్రతీక్ వాయికర్!

2025 జనవరిలో ఢిల్లీలో తొలి ఖోఖో ప్రపంచకప్ జరిగింది. మగవాళ్లు, ఆడవాళ్లు... రెండు కప్పులూ మన దేశానివే. రెండు ఫైనల్స్‌లోనూ ప్రత్యర్థి నేపాల్. పురుషులు 54-36తో, మహిళలు 78-40తో గెలిచారు. పురుషుల కెప్టెన్ ప్రతీక్, మహిళల కెప్టెన్ ప్రియాంక ఇంగ్లే. ఇద్దరిదీ మహారాష్ట్రే. గల్లీ ఆటని తీసిపారేసిన దాని మీద ప్రపంచకప్ ఉందన్నమాట.

ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సినిమాలో హిందీ... మూడూ నోటికొచ్చిన పిల్లలు సోలాపూర్ పిల్లలు. ఏ జట్టులోనైనా కలిసిపోగలరు. ఆ జట్టు దాకా చేరడమే కావాల్సింది.

లెక్క కావాలా? ఇదిగో...

‘‘ఆట అన్నం పెడ్తదా?’’ అన్న ప్రశ్న తప్పు కాదు. దానికి జవాబు కూడా లెక్కతోనే చెప్పాలి.

* మహారాష్ట్రలో బడి పిల్లల పోటీలు 14, 17, 19 ఏళ్ల లోపు విభాగాలుగా జరుగుతాయి. జిల్లాలో గెలిస్తే విభాగ స్థాయి, అక్కడి నుంచి రాష్ట్రం, ఆపై జాతీయం. సోలాపూర్ పుణె విభాగం కిందికి వస్తుంది. పేరు పంపాల్సింది బడి నుంచే. కాబట్టి మొదట కలవాల్సింది బడిలోని ఆటల మాస్టారును.

* నిర్ణీత స్థాయిలో ఆడిన పిల్లలకు పదో తరగతి, పన్నెండో తరగతి బోర్డు పరీక్షల్లో అదనపు మార్కులు ఉంటాయి. బడి ద్వారా, జిల్లా క్రీడాధికారి ఆఫీసు మీదుగా ప్రతిపాదన వెళ్లాలి. గడువు దాటితే సర్టిఫికెట్ ఉన్నా మార్కు రాదు.

* రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో అర్హులైన క్రీడాకారులకు 5 శాతం రిజర్వేషన్ ఉంది. దానికి సర్టిఫికెట్ల పరిశీలన తప్పదు. నకళ్లు కాదు, అసలువి జాగ్రత్త చెయ్యాలి.

* ఆధార్‌లో, బడి రికార్డులో, పుట్టిన సర్టిఫికెట్‌లో పేరు, తేదీ ఒకేలా ఉండాలి. తెలుగు ఇంటిపేరు మరాఠీలో ఒక రకంగా, ఇంగ్లిష్‌లో మరో రకంగా పడితే వయసు విభాగం దగ్గరే చిక్కు. ‘ఝుండ్’ పిల్లల కష్టం గుర్తుందిగా!

ఇక మిగిలింది ఆ ఒక్క గంట. దాన్ని కాస్త సర్దుకోవచ్చు. కొడుకు ఆడే రోజు కూతురు పని, కూతురు ఆడే రోజు కొడుకు పని అని పంచుకోవచ్చు. ఆడపిల్ల మైదానం నుంచి వచ్చేసరికి చీకటి పడుతుందన్న భయం ఉంటే గల్లీలోని నలుగురు పిల్లలను కలిపి పంపొచ్చు, తల్లులు వంతులేసుకుని తోడు పోవచ్చు. పరీక్షల నెలలో ఆట తగ్గించొచ్చు... మాన్పించకుండా.

ఆడిన ప్రతి పిల్లా భారత జట్టుకు పోదు. పోనక్కర్లేదు కూడా. ఓడిపోయి ఇంటికొచ్చి, అన్నం తిని, మర్నాడు మళ్లీ గ్రౌండుకు పోవడం నేర్చుకున్న పిల్లలు రేపు లూమ్ ఆగినా, ఉద్యోగం పోయినా బెంబేలు పడరు. ఇక్బాల్, పూర్ణ, గోల్కొండ బడి పిల్లలు, నాగపూర్ ‘ఝుండ్’, బ్రూక్లిన్ ఇజ్జీ... వీళ్లంతా మొదటిసారి గెలిచింది కప్పు కాదు, ఇంట్లో ఒక మాట. ‘‘పో బిడ్డా, చీకటి పడకముందే రా’’ అనడానికి సోలాపూర్‌లోనైనా, సిరిసిల్లలోనైనా పైసా ఖర్చు లేదు.